తూటా బనీను, నలభై రెండో లాటు

మొదటి రోజు

ప్రతి లాటుకీ ఒక పుస్తకం రాయాలని నేతసంఘం వాళ్ళ రూలు. ఏ రోజు ఏం చేశామో రాసి పెట్టాలి. రేపు ఎవడన్నా చస్తే చూసుకోటానికట. రాస్తున్నా. నాది మూడో తరగతి. అక్షరాలు వంకరగా ఉంటాయి. గుడ్డ వంకరగా ఉండదు.

చింతా మార్కండేయులు, వయసు డెబ్బై ఒకటి. పడుగుపేట, కాలవ గట్టు. ఇంట్లో రెండు గుంట మగ్గాలు. ఒకటి నాది. రెండోది మా ఆవిడ మాణిక్యానిది, ఇప్పుడు దాని మీద మనవరాలు భద్రావతి కూర్చుంటోంది. పిల్లకి ఇరవై రెండు. చెయ్యి మంచిది, నోరు వాళ్ళ అమ్మమ్మది.

ఈ లాటు పన్నెండు బనీన్లు. నీళ్ళ పడవల కాపలావాళ్ళు పదకొండుమందికి పదకొండు. పన్నెండోది నిలబడే బనీను. అంటే నేసినవాడు అది తొడుక్కుని కాలవ మెట్ల మీద నిలబడాలి. కొనేవాళ్ళు ఏడడుగుల దూరం నుంచి పిస్తోలుతో ఒక దెబ్బ కొడతారు. వాడు లేస్తే లాటు తీసుకుంటారు. లేవకపోతే తీసుకోరు. ఇంతకన్నా సుళువైన పరీక్ష లోకంలో లేదు.

నలభై ఒక్కసార్లు నిలబడ్డా. నలభై ఒక్కసార్లు లేచా. ప్రతిసారీ కాల్చింది కాపలావాళ్ళ పెద్ద కాళేషా. నన్ను అన్నిసార్లు కాల్చినవాడు నాకు ప్రాణస్నేహితుడు. ఇంకెవడన్నా ఒక్కసారి కాల్చమను, చూస్తా.

మూడో రోజు

ఉక్కునూలు వచ్చింది. పసుపుకొమ్ము రంగు. పోగు చూస్తే వెంట్రుక, లాగితే చెయ్యి తెగుద్ది గానీ అది తెగదు. కండెతో పాటు ఒక కాగితం వస్తుంది, ఎప్పుడూ వస్తుంది, ఎప్పుడూ పొయ్యిలోకే పోతుంది. ఈసారి భద్ర దాన్ని పట్టుకుని చదివింది.

"తాతా, ఎండ తగలనియ్యద్దంట."

"ముప్ఫై ఏళ్ళనించీ నేస్తున్నా. ఆ కాగితం ఒక్క లాటన్నా నేసిందా?"

"ముప్ఫై ఏళ్ళనించీ ఎండెక్కడుంది?"

పాయింటే. కానీ చిన్నపిల్ల పాయింటు ఒప్పుకుంటే రేపు మగ్గం కూడా అడుగుద్ది.

నాకు నలభై దాటగానే పెద్ద దేశాలవాళ్ళు కలిసి భూమి చల్లబడాలని ఆకాశంలో ఏదో పొడి చల్లారు. అప్పట్నించీ ఆకాశం బియ్యం కడిగిన నీళ్ళ రంగు. సూర్యుడు పాత రూపాయి బిళ్ళలాగా వచ్చేవాడు, పోయేవాడు. గంజి పెట్టిన పడుగు ఆరటానికి మూడు రోజులు పట్టేది, ముక్కిన వాసన కూడా వచ్చేది. ఈ ఏడు ఆ చల్లటం ఆపేశారు. ఉగాది దాటాక ఒక పొద్దున లేచి చూస్తే నిజం ఎండ! మా నాన్న నాటి ఎండ. వీధిలో కుర్రకారు కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని ఇళ్ళలోకి పరిగెత్తారు. నేను మాత్రం చొక్కా విప్పి నిలబడ్డా.

మా నాన్న చీరలు నేసేవాడు. వీధి పొడుగునా పడుగు చాపి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి, ఎండకి పెట్టేవాడు. "ఎండ తిన్న పోగే పోగురా" అనేవాడు. రేపట్నించీ అదే చేస్తా.

మాణిక్యం మిగిలిన పోగులు ఎనిమిది పేని డాబా మీద దండెం కట్టుకుంది. "గేదెని కట్టినా తెగదు" అంది. మడి చీరలకి దండెం కావాలంటే లోకంలో ఆడాళ్ళు తాడు కొనుక్కుంటారు. మా ఆవిడ తూటాలాపే నూలు వాడుద్ది.

ఎనిమిదో రోజు

నాలుగు రోజులు పడుగు ఎండలో పెట్టా. ఒక్క పూటలో ఆరింది, మిగతా రోజులు పండనిద్దామని ఉంచా. పసుపు రంగు తిరిగి బెల్లం రంగుకొచ్చింది. వీధి వీధంతా మెరిసింది. పక్కింటివాళ్ళు వచ్చి చూసిపోయారు.

"రంగు మారింది తాతా" అంది భద్ర.

"పండింది."

"నూలు పండటమేంటి?"

"మామిడికాయకి చెప్పారా ఎవరన్నా?"

మూతి తిప్పుకుని లోపలికెళ్ళింది.

ఇవాళ కాపలావాళ్ళు కొలతలకొచ్చారు. అందరిలోకీ లావాటివాడు దానియేలు. ముప్ఫై ఏళ్ళుంటాయి, ఆర్నెల్ల గర్భిణికి ఉన్నంత పొట్ట. టేపు పెట్టి చుడితే చివర్లు కలవలేదు.

"నీ బొడ్డుకే ఒక జానెడు గుడ్డ ఎక్కువరా."

"మా ఆవిడకి వచ్చే నెలలో పురుడు తాతా. ఇద్దరికీ కలిపి నేనే తింటన్నా" అన్నాడు. సిగ్గులేదు. బాగానే నచ్చాడు.

తర్వాత అందరూ అడిగేదే అడిగాడు. "ఇది తొడుక్కుంటే ఏం కాదుగా?"

అందరికీ చెప్పేదే చెప్పా. "తల మీద కొడితే చస్తావు. చంకలో కొడితే చస్తావు. పొడుగు తుపాకీతో కొడితే ఇరవై నాలుగు పొరలూ దాటుకుని వస్తుంది, చస్తావు. కత్తితో పొడిస్తే పోగుల సందులోంచి దూరుద్ది, చస్తావు. తడిపితే బలం తగ్గుద్ది. మడతేసి దిండు కింద పెడితే మడత దగ్గర చచ్చిపోద్ది. ఒకసారి దెబ్బ తిన్న చోట మళ్ళీ ఆపదు."

"మరి దేనికి పనికొస్తది?"

"పిస్తోలుకి. ఎదురుగా, రొమ్ము మీద, పొట్ట మీద. అప్పుడు కూడా గేదె తన్నినట్టుంటది. పక్కటెముక విరగొచ్చు. కానీ విరిగిన పక్కటెముకతో ఇంటికెళ్ళి పెళ్ళాం చేత తిట్లు తింటావు. అదీ దీని గొప్ప."

దానియేలు ఆలోచించాడు. "చాలు" అన్నాడు.

పై కాలవలో దొంగలందరి దగ్గరా పిస్తోళ్ళే. ఒకప్పుడు ఇంటింటికీ గిన్నెలూ గరిటెలూ అచ్చేసుకునే పెట్టె ఇచ్చారు. జనం గిన్నెలు చేసుకున్నది మొదటి వారమే. రెండో వారం నుంచీ పిస్తోళ్ళు. మా వీధిలో కోడి పక్కింట్లో గుడ్డు పెట్టినా పిస్తోలే. అందుకే బనీను లేకుండా కూరగాయలకి కూడా పోరు. నాకు పని ఉందంటే జనానికి బుద్ధి లేకపోవటం వల్లే. వాళ్ళకి బుద్ధి రాకూడదని కోరుకోను గానీ, వస్తే పస్తులే.

ముప్ఫయ్యో రోజు

రెండు మగ్గాలూ ఆడుతున్నాయి. నేసిన గుడ్డని గంజి పోయేదాకా ఉతికి డాబా మీద వారమేసి రోజులు ఆరేస్తున్నా. ఎండ అదిరిపోతోంది. మాణిక్యం గుడ్డ పక్కనే వడియాలు పెట్టింది. కాకులు వడియాల కోసం వచ్చి బనీను గుడ్డ మీద రెట్టలేసి పోతున్నాయి. తూటాలాపే గుడ్డ కాకి రెట్టని ఆపలేదు. మరక పడింది.

ఇవాళ సంఘం నుంచి కబురు. డెబ్బై దాటినవాడు తన గుడ్డకి తాను నిలబడకూడదట. పోయినసారి నేను దెబ్బ తిని లేవటానికి కాస్త ఆలస్యమైందని ఎవడో ఫిర్యాదు చేశాడు. ఆలస్యం కాదు, చెప్పు జారింది, వెతుక్కుంటున్నా. కాళేషాకి తెలుసు. అడిగితే నవ్వాడు.

"ఒరే మార్కండూ, నువ్వు పడి పావుగంటయ్యాక లేచావురా. పోయావనుకుని నేను లోపల నీకు ఫాతిహా కూడా చదివేశా."

"నా బదులు ఎవరు నిలబడాలంట?"

"ఇంట్లోవాళ్ళే. లాటు పెట్టినవాడు బయటివాణ్ణి నిలబెట్టకూడదుగా."

ఇంటికొచ్చి చెప్పా. భద్ర మగ్గంలో నాడె ఆపకుండానే, "నేను నిలబడతా" అంది.

"నువ్వా?"

"నీ గుడ్డేగా? భయమెందుకు?"

ఆ మాటకి నా రొమ్ము ఇంతైంది.

యాభై రెండో రోజు

బనీన్లు పన్నెండూ కుట్టటం అయిపోయింది. సన్న అంచు, ఎత్తి కుట్టు, భుజాల దగ్గర రెండు పట్టీలు. ముప్ఫై ఏళ్ళలో ఇంత అందంగా ఎప్పుడూ కుదరలా.

మధ్యాహ్నం అన్నం తింటుంటే డాబా మీద నుంచి మాణిక్యం కేక. ఎవరో పోయారనుకున్నా. వెళ్ళి చూస్తే ఆరేసిన ఒక్క తడి చీర డాబా దుమ్ములో. దండెం తెగింది.

"ఇదేనా నీ ఉక్కునూలు? చీర బరువుకే తెగింది. నా పట్టుచీర!"

కింద పడ్డ ముక్క చేతిలోకి తీసుకున్నా. బెల్లం రంగు. రెండు వేళ్ళ మధ్య పెట్టి లాగా. పుటుక్కుమంది. మళ్ళీ లాగా. మళ్ళీ పుటుక్కు. ఎండుగడ్డి కూడా ఇంతకన్నా గట్టిగా ఉంటుంది.

పేని కట్టిన ఎనిమిది పోగులు, గేదెని కట్టాల్సినవి.

అన్నం మళ్ళీ తినలా. ఎండ ఎక్కువైందని చెప్పా.

యాభై మూడో రోజు

భద్రని నూలు కొట్టుకి పంపి, పెరట్లో కుమ్మరి దగ్గర తెచ్చిన బంకమట్టి రెండు ముద్దలు గోడకి ఆనించా. ఒకదాని మీద నలభై ఒకటో లాటు ముక్కలు ఇరవై నాలుగు పొరలు. రెండోదాని మీద ఈ లాటు ముక్కలు ఇరవై నాలుగు. మాణిక్యం బియ్యపు డబ్బాలోంచి తన పిస్తోలు తీసింది. నేను చెయ్యి చాపితే ఇవ్వలా.

"నీ గుడ్డ మీద నువ్వు గురి పెట్టలేవు. తప్పుకో."

మొదటిది కొట్టింది. పాత గుడ్డ ఆపింది. విప్పి చూస్తే తూటా మూడో పొరలో నల్లగా చదునై పడుంది. మట్టిలో వేలు పొడుగు గుంట. అదే గుంట మనిషి రొమ్ములో పడితే కమిలిపోతుంది, ప్రాణం పోదు.

రెండోది కొట్టింది. గుడ్డ దాటింది, మట్టి దాటింది, గోడకి తగిలి పక్కకి మళ్ళి ఆవకాయ జాడీ పగలగొట్టింది. ఏడాది ఆవకాయ పెరడంతా ఎర్రగా పారింది.

జాడీ పోయినందుకు మాణిక్యం ఒక్క మాట అనలా. అప్పుడు భయమేసింది నాకు.

"ఇప్పుడేం చేస్తావు?" అంది.

లాటు పోతే ఏం జరుగుద్దో ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు. చెడ్డ లాటు పెట్టినవాడి మగ్గం గుంట పూడ్చేస్తారు. కొనేవాళ్ళే తట్టలతో మట్టి తెచ్చి పోస్తారు. ఆ గుంటలో మళ్ళీ ఎవరూ కాళ్ళు పెట్టకూడదు. మా తాత కాళ్ళు ఆడిన గుంట అది. మా నాన్న అందులోనే కూర్చుని పోయాడు, చేతిలో నాడెతో.

యాభై నాలుగో రోజు

రేపే నిలబడటం.

దారి ఒకటుంది. నలభై ఒకటో లాటులో నా కోసం ఉంచుకున్న బనీను ఉంది, ఒక్క దెబ్బ కూడా తినలా. ఎండ చూడలా. భద్రకి అది తొడిగితే పిల్లకి ఏమీ కాదు. లాటు పాసవుద్ది. గుంట ఉంటది. రంగే తేడా. అది పసుపు, ఇవి బెల్లం.

పొయ్యి మీద నీళ్ళు పెట్టి టీ పొడి గుప్పెళ్ళతో వేసి చిక్కగా మరిగించా. బనీను పై గుడ్డ మాత్రమే తడిసేట్టు బ్రష్షుతో పూశా. నీడలో ఆరబెట్టా. ఇప్పుడు నీడ గుర్తొచ్చింది ముసలోడికి. రంగు సరిగ్గా కుదిరింది. చేతి పని కదా, ఎదవ పనైనా బాగానే వచ్చింది.

మిగతా పదకొండు సంగతి ఆలోచించలా. ఆలోచిద్దామని మొదలెట్టినప్పుడల్లా వేరే పని చేశా. కుంచె కడిగా. నాడెలు తుడిచా.

మాణిక్యం వంటింటి గుమ్మంలో నిలబడి అంతా చూసింది. గిన్నెలో అడుగున మిగిలిన టీ చూసింది.

"పదకొండు బనీన్లకి సరిపడా టీ పొడి లేదు నా దగ్గర" అని లోపలికెళ్ళిపోయింది.

యాభై ఐదో రోజు

పొద్దున్నే భద్రకి నేనే తొడిగా.

"తాతా, టీ వాసనేంటి?"

"నోర్మూసుకుని చెయ్యెత్తు."

ఎత్తింది. పట్టీలు బిగించా. నా వంక చూసింది.

కాలవ మెట్ల దగ్గర జనం. వేరుశనక్కాయలు అమ్మేవాడు కూడా వచ్చాడు. మనిషిని కాలుస్తుంటే నములుతూ చూడాలి గదా వీళ్ళకి. పదకొండుమంది కాపలావాళ్ళూ కొత్త బనీన్లు తొడుక్కుని వరసలో నిలబడ్డారు. నిలబడటం అవ్వగానే పడవలెక్కి పై కాలవకి పోవాలి. కాళేషా పిస్తోలు తుడుచుకుంటున్నాడు. ఏడడుగులు కొలిచి సున్నంతో గీత గీశారు.

భద్ర గీత దగ్గరకెళ్ళి నిలబడింది. తల ఎత్తి, నేను నిలబడినట్టే. ఎవరు నేర్పారో.

అప్పుడు దానియేలు పిలిచాడు. "తాతా, పక్క పట్టీ వదులైంది. కాస్త బిగించు."

వెళ్ళా. వాడు రెండు చేతులూ పైకెత్తి బిడ్డలాగా నిలబడ్డాడు. పట్టీ లాగటానికి చెయ్యి వాడి పక్కటెముకల మీద పెట్టా. కింద గుండె కొట్టుకుంటోంది, డబడబా. అంత లావు ఒంట్లో అంత చిన్న చప్పుడు.

"నిన్న పుట్టాడు తాతా. మగపిల్లోడు" అన్నాడు మెల్లగా. "మా ఆవిడ ఊపిరి పీల్చుకుంది నువ్వు నేసిందని. 'మార్కండేయులు గారిదైతే పర్లే' అంది."

ముప్ఫై ఏళ్ళ పేరు అది. దాంతోనే చంపబోతున్నా వాణ్ణి.

"చేతులు దించు" అన్నా. పట్టీ బిగించలా. విప్పేశా.

"ఏంటి తాతా?"

"కాళేషా! పిస్తోలు దించు."

"ఏరా, మళ్ళీ చెప్పు జారిందా?"

నవ్వారు జనం. నేను నవ్వలా. "గుడ్డ చచ్చింది. నేనే చంపా. కాగితం మీద రాసుంది, పిల్ల చదివి చెప్పింది, నేను వినలా. ఎండలో పెట్టి చంపా. పదకొండూ చచ్చిన గుడ్డే. ఆ పిల్ల ఒంటి మీదున్నది ఒక్కటే బతికింది. అది ఈ లాటుది కాదు. మోసం చేద్దామని నేనే మార్చా. విప్పండి అందరూ."

వేరుశనక్కాయలవాడు కూడా నమలటం ఆపాడు. కాళేషా దానియేలు చేతిలోంచి బనీను తీసుకుని పడవ గుంజకి తగిలించాడు. వెనక్కొచ్చి కొట్టాడు. గుంజ చెక్క చీలి ఎగిరింది. బనీనుకి ముందూ వెనకా రెండు కన్నాలు, రెంటిలోంచీ కాలవ కనిపించింది.

దానియేలు ఆ కన్నంలో వేలు పెట్టాడు. తర్వాత అదే వేలు తన రొమ్ము మీద అదే చోట పెట్టుకున్నాడు.

భద్ర నా దగ్గరకొచ్చింది. తిడుతుందనుకున్నా, కొడుతుందనుకున్నా.

"పొద్దున గుమ్మం దాటకముందే అర్థమైంది నాకు" అంది.

"మరెందుకు నిలబడ్డావు?"

"నువ్వు చెప్తావో లేదో చూద్దామని. కాళేషా తాత పిస్తోలు ఎత్తేదాకా ఆగుదామనుకున్నా. తర్వాత నేను చెప్పేదాన్ని."

"ఎత్తేవాడే ఇంకాసేపుంటే."

"అవును. ఆలస్యం చేశావు. చెప్పు జారిందేమో."

యాభై ఆరో రోజు

గుంట పూడ్చటానికి వచ్చారు. పదకొండుమంది, పదకొండు తట్టలు. ప్రయాణం ఆగింది, కొత్త బనీన్లు వచ్చేదాకా పాత బనీన్లతో కింద కాలవలోనే తిరుగుతారట. దూరం పోరు.

మొదటి తట్ట నేనే పోశా. నా గుంట, నా మట్టి. తర్వాత ఒక్కొక్కడూ వచ్చాడు. ఎవరూ తిట్టలా. తిడితే బాగుండు. దానియేలు అందరికన్నా పెద్ద తట్ట తెచ్చాడు. పోసేముందు నా వంక చూశాడు.

"పొయ్యరా" అన్నా. "నీ పొట్టంత తట్ట తెచ్చావు, మోసుకుని నిలబడతావా?"

పోశాడు. పోసి, వంగి నా కాళ్ళు పట్టుకోబోయాడు. కాలు లాక్కున్నా. చంపబోయినవాడి కాళ్ళు పట్టుకోవటమేంట్రా ఎదవా అన్నా. వెళ్ళేముందు మాణిక్యం వాడికి వడియాలు పొట్లం కట్టిచ్చింది, బాలింతకి. ఆవకాయ ఇచ్చేదాన్ని గానీ మా ఆయన కాల్పించాడు అని చెప్పింది వాడికి.

పూడ్చిన గుంట మీద కూర్చుని కాసేపు కాళ్ళు చాపా. నేల గట్టిగా తగిలింది. యాభై ఏళ్ళ తర్వాత మొదటిసారి కాళ్ళకి ఏం చెయ్యాలో తెలియలా.

ఈ పుస్తకం ఇక్కడితో అయిపోవాలి. కానీ పేజీలు మిగిలాయి, పిల్ల వాటిల్లోనే రాయమంది.

భద్రావతి మొదటి లాటు

ఆమె చెప్తే నేను రాస్తున్నా. ఆమె చేతులకి పని ఉంది, నావి ఖాళీ.

కిటికీలకి నల్ల దుప్పట్లు. పడుగు ఇంట్లోనే, పందిరి మంచాల మీద చాపి, నీడలో. మూడు రోజులు ఆరింది, ముక్కిన వాసనొచ్చింది. గుడ్డ పసుపు రంగులోనే ఉంది. ప్రతి పొర నుంచి ఒక పోగు తీసి నేను లాగి చూస్తున్నా. తెగలా. తెగుతుందేమోనని కొంచెం ఆశపడ్డా, ఒప్పుకుంటా. ఒక్కటీ తెగలా.

పన్నెండు అయ్యాయి. నలభై తొమ్మిది రోజులు పట్టింది.

నిలబడేది ఎవరన్న మాట వచ్చింది. పిల్లే నిలబడతానంది. నేను సంఘం దగ్గరకెళ్ళా.

"డెబ్బై దాటినవాడు *తన* గుడ్డకి నిలబడకూడదనేగా రూలు?"

"అవును."

"ఇది నాది కాదు. మా మనవరాలిది. నేను ఇంట్లోవాణ్ణి."

పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రూలు తిరగేసి మరగేసి చూశారు. నన్నాపే మాట దొరకలా. పోగుల సందులో కత్తి దూరినట్టు దూరా.

ఈ పొద్దున మెట్ల మీద నిలబడ్డా. ఆ వరసే, ఆ జనమే, ఆ వేరుశనక్కాయలవాడే. దానియేలు కొత్త బనీనులో ఉన్నాడు, భుజం మీద పిల్లోణ్ణి ఎత్తుకొచ్చాడు, చూపించటానికట. మనిషిని కాల్చేచోటికి పసిబిడ్డని తెచ్చిన మొదటి ఎదవ వీడే.

కాళేషా గీత దగ్గర నిలబడ్డాడు. "ముసలోడివిరా. భయమేస్తోందా?"

నలభై ఒక్కసార్లు వెయ్యలా. ఎందుకంటే గుడ్డ నాది, నాకు తెలుసు. ఈసారి గుడ్డ నాది కాదు. పిల్ల వంక చూశా. పెదాలు కొరుక్కుంటోంది, నా బదులు తనకే దెబ్బ తగలబోతున్నట్టు. నేను ముప్ఫై ఏళ్ళు మాణిక్యాన్ని అలా నిలబెట్టానన్నమాట ఆ గట్టు మీద.

"వేస్తోంది. కొట్టు" అన్నా.

కొట్టాడు.

పడ్డా. ఆకాశం కనిపించింది, నీలంగా, ఎండగా. గేదె తన్నినట్టు కాదు, గేదె కూర్చున్నట్టుంది. ఊపిరి రాలా. వచ్చింది. కాళేషా ఫాతిహా మొదలెట్టబోతుంటే, "ఆపరా, లేస్తున్నా" అన్నా. లేచా. పావుగంట పట్టలా. చెప్పులు రెండూ కాళ్ళకే ఉన్నాయి.

ఇంటికొచ్చాక మాణిక్యం పసుపూ ఆముదం పట్టేయబోయింది. ముందు అద్దం తెమ్మన్నా. కుడి రొమ్ము మీద కొబ్బరిచిప్పంత కమిలింది. నల్లగా, మధ్యలో ఎర్రగా. ఆ ఎరుపు మీద గుడ్డ నేత అచ్చు పడింది. పడుగూ పేకా, గళ్ళు గళ్ళుగా, మా నాన్న దువ్వినంత తిన్నగా. లెక్కపెట్టా. ఒక్క పోగు కూడా తప్పలా.

చొక్కా వేసుకోకుండా వీధి ఆ చివరి నుంచి ఈ చివరిదాకా నడిచా. ప్రతి గుమ్మం దగ్గరా ఆగి, పిలిచి, చూపించా. "మా మనవరాలి నేత. దగ్గరకొచ్చి చూడండి."

సిగ్గు లేదా అంది మాణిక్యం గుమ్మంలోంచి.

లేదు.